లీటరులో నేలవాటా

"లీటరంటే ఏమిటో ఎవరికైనా తెలుసా?" అని నేను క్లాసులో అడిగితే, నాలుగో తరగతి గుంట ఒకతె చెయ్యెత్తి, "టూరిస్టులు పారీసేది మేడం," అంది.

నేను నవ్వలేదు. తప్పని కూడా అనలేదు. వలిసెలు పూసే రోజుల్లో మా లోయలోకి కార్లు బారులు తీరి దిగుతాయి. పసుపుపచ్చ పూలలో నిలబడి ఫొటోలు తీసుకుంటారు, చాపరాయి దగ్గర నీళ్ళలో జారతారు, తాగిన సీసాలు ఎక్కడివక్కడ వదిలేసి కొండ దిగిపోతారు. ప్రతి సీసా మీదా ఒక అంకె, దాని పక్కన లీటరు అన్న మాట. మా పిల్లలు లీటరు ముఖం చూసింది అక్కడే. మరి ఆ పిల్ల ఇంకేం చెబుతుంది? ఆ రోజు నుంచి నేను దాన్ని లీటరు గుంట అనే పిలుస్తున్నాను; గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

పుస్తకంలో లీటరు వేరే ఉంది. అది పాల బూతులో ఉంటుంది, కారు ట్యాంకులో ఉంటుంది, మేడ మీది నీళ్ళ ట్యాంకులో ఉంటుంది. మా ఊళ్ళో మేడ లేదు, కారు లేదు. పాల సంగతి అడగనే అక్కర్లేదు; ఆవుపాలు దూడవని ఇక్కడ చాలా ఇళ్ళలో పితకనే పితకరు. పుస్తకం రాసినవాళ్ళ మీద నాకేం పగ లేదు గానీ, ఆ పాఠం చదివించిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. లెక్కలో ఎక్కడా తమ ఇల్లు కనబడక పిల్లలు నోరు మెదపరు. దానికి కొండ కిందివాళ్ళు పెట్టిన పేరు వెనకబాటు.

నేనూ కిందిదాన్నే. విజయనగరం పక్క రైతుల ఇంటి పిల్లని. ఈ బడికి వేసినప్పుడు మావాళ్ళంతా పరామర్శకి వచ్చినట్టు వచ్చారు. "ఏజెన్సీ పోస్టింగే, రెండేళ్ళు కళ్ళు మూసుకో," అన్నారు. కళ్ళు మూసుకుని పాఠం ఎలా చెబుతారో నాకు తెలీదు. డుంబ్రిగుడ సంతకి వెళ్ళే రోడ్డు మీద ఆటో దిగి, గెడ్డ, అంటే కొండవాగు, దాటి, ఆయాసపడుతూ కొండ ఎక్కితే మా బడి. ఒక గది, ఒక వరండా, ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, అన్నిటికీ కలిపి నేను ఒక్కదాన్నే. ఆ రెండేళ్ళూ ఎప్పుడో దాటిపోయాయి. బదిలీ అడగలేదు. అడగమని చెప్పేవాళ్ళకి మాత్రం ఎప్పుడూ కొదవ లేదు.

కొలతల పాఠానికని బడికి ఒక పెట్టె ఇచ్చారు. అందులో కొలజాడీ ఉంది, దాని అడుగున చీలిక కూడా ఉంది. నీళ్ళు పోసి గీత చదివేలోపు సగం బల్ల మీద ఉంటాయి. అందుకని ఒక సోమవారం పిల్లలకి గోనెసంచులిచ్చి రోడ్డు వైపు తీసుకెళ్ళాను. ఆదివారం జనం వదిలిపోయిన సీసాలు ఏరాం. బడికి తెచ్చి ఊటనీళ్ళతో తోమి కడిగాం. అర లీటరు సీసాల మెడలు కోసి గ్లాసులు చేశాను. లీటరు సీసాకి లీటరు దగ్గర, గ్లాసుకి పావు లీటరు దగ్గర నా గోళ్ళరంగుతో ఎర్రగీత గీశాను. ఆ గీత ఎక్కడ గియ్యాలో తేల్చడానికి దగ్గుమందు సీసా మూతతో పదేసి మిల్లీలీటర్లు పోసుకుంటూ సాయంత్రమంతా కూర్చున్నాను. పెళ్ళిళ్ళకని కొనుక్కున్న రంగు. నా గోళ్ళ కంటే ఆ సీసాలకే బాగా నప్పింది.

మర్నాడు పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టాను. సీసాలో ఎర్రగీత దాకా నీళ్ళు పట్టండి, గ్లాసుల్లోకి గీత దాకా పంచండి, ఎన్ని గ్లాసులు వచ్చాయో చెప్పండి. ఇంతకంటే తేలికైన పాఠం లేదనుకున్నాను. ఒక్క జట్టుకీ నాలుగు రాలేదు. మూడు గ్లాసులు నిండుతున్నాయి, నాలుగోది గీత దాకా రాకుండానే ఆగిపోతోంది. ఒకళ్ళకి వేలెడు తక్కువ, ఇంకొకళ్ళకి గోరంత తక్కువ. గీతలు తప్పు గీశానేమోనని మళ్ళీ కొలిచాను. సరిగ్గానే ఉన్నాయి. సీసాలకి చిల్లులున్నాయేమోనని వెలుతురుకి పట్టి చూశాను. లేవు. మళ్ళీ పంచమన్నాను. మళ్ళీ తక్కువే.

ఈసారి గ్లాసులు వదిలేసి పిల్లల చేతులు చూశాను. లీటరు గుంట సీసా ఎత్తింది. గ్లాసు వైపు వంచేముందు పక్కకి వంచి కాసిన్ని నీళ్ళు నేల మీద వదిలింది. ఆ తర్వాత గ్లాసులో పొయ్యడం మొదలెట్టింది. మనం కూర్చునేముందు కొంగు సర్దుకుంటాం చూడండి, అంత మామూలుగా చేసింది. పక్క జట్టు గుంటడూ అంతే. అందరూ అంతే.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు?" అన్నాను. ఆశ్చర్యం వేస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది.

"పంచుతన్నాను మేడం."

"నేల మీద పోత్తన్నావేటి మరి?"

"ముందర నేలకి ఇవ్వాల గదా," అంది, ఈమాత్రం తెలీదా అన్నట్టు.

ఈ ఊళ్ళో జీలుగు చెట్టు కింద పొద్దున్నే ఆడా మగా గుండ్రంగా కూర్చుంటారు. కల్లు దింపినవాడు ఆనపబుర్ర వంచి మొదట కాస్త నేలకి వదిలి, ఆ తర్వాతే అందరి ఆకుడొప్పల్లోకీ పోస్తాడు. ఆ వదిలింది వెళ్ళిపోయిన పెద్దల వాటా. పండగరోజు చోడి అంబలి పంచినా అదే పద్ధతి. ఒక్కరే తాగే మంచినీళ్ళకి ఈ లెక్క లేదు, నలుగురికి పంచితేనే. నేను పంచమన్నాను, వాళ్ళు పంచారు. వరసగా గ్లాసులు పెట్టి సీసా చేతికిస్తే ఆ పిల్లలకి ముందు గుర్తొచ్చేది మర్యాద, ఆ తర్వాతే గణితం.

నాకు తెలిసిన టీచర్లలో సగం మంది ఇక్కడే ఆగి, "బడిలో ఇలాంటివి చెయ్యకూడదు," అనేవారు. కింద మనం కొత్త బండి కొంటే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. ఆ రసం ఎన్ని మిల్లీలీటర్లు నేలపాలైందని ఎవరూ అడగరు. కొండ మీద పిల్ల గుక్కెడు నీళ్ళు ఒలికిస్తే మాత్రం వేస్టు, మూఢనమ్మకం. నేను మాన్పించలేదు. నేలకి ఎంత ఇచ్చారో అది కూడా కొలవండి అన్నాను.

మొదట ఒక పళ్ళెం పెట్టి, నేలకిచ్చేది అందులో పొయ్యమన్నాను. ఒప్పుకోలేదు. పళ్ళెం నేలెలా అవుతుందని అడిగారు. నిజమే, ఎలా అవుతుంది? అప్పుడు దగ్గుమందు మూతలు ఇచ్చాను. మూతలో పట్టండి, ఎన్ని మూతలో లెక్కపెట్టుకోండి, ఆ మూతనే నేల మీద వంపండి. అది వాళ్ళకి నచ్చింది. ఒకడు రెండు మూతలు ఇచ్చాడు, లీటరు గుంట నాలుగు ఇచ్చింది. రెండు ఇచ్చినవాణ్ణి మిగతావాళ్ళు పిసినారి అని ఏడిపించారు. మర్నాడు వాడు అయిదు ఇచ్చి పరువు నిలబెట్టుకున్నాడు.

మా బడిలో మిల్లీలీటరు ఆ రోజు పుట్టింది. అంతకుముందు అది పుస్తకంలో ఒక పొడుగాటి మాట, అంతే. ఇప్పుడు నేలవాటా నలభై అయితే నాలుగో గ్లాసులో ఉండేది రెండొందల పది. రెండూ కలిపితే పావు లీటరు. అన్నీ కలిపితే లీటరు, ఎక్కడా చుక్క పోలేదు. మూడో తరగతి పిల్లలు కూడా ఈ లెక్క నోటితో చెప్పేశారు. ఆ వారం ఇళ్ళ నుంచి ఆనపబుర్రలు, తపేళాలు, అమ్మల చెంబులు అన్నీ బడికి వచ్చాయి. ఏది కనబడితే అది కొలిచారు. బడి పొయ్యి మీద మధ్యాహ్నం అన్నం ఉడుకుతుంటే ఎసట్లో ఎన్ని లీటర్లు పోశావని వంటామెని వేధించారు.

ఈ సంగతి తెలిసి ఊళ్ళో ఒక తాత కర్ర పొడుచుకుంటూ బడికి వచ్చాడు. "నేలకిచ్చింది లెక్కెడతారేటి పంతులమ్మా? ఇచ్చింది ఇచ్చినట్టే వదిలీయాల గదా," అన్నాడు. లీటరు గుంటే అందుకుంది. "లెక్కెట్టినప్పుట్నించి ఎక్కువిత్తన్నాం తాతా." తాత మూత అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరీ సిన్నది," అని తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

అంతా బాగుందనుకుంటుండగా కబురొచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని కిందున్న పెద్దబడిలో కలిపేస్తారట. పైన ఒకటీ రెండూ మాత్రమే ఉంటాయట. ఒక అధికారి వచ్చి, పిల్లలకి ఏం వచ్చో చూసి, దారి చూసి, ఆ తర్వాత తేలుస్తాడట. పెద్దబడి గెడ్డకి అవతల ఉంది.

ఆ గెడ్డ చలికాలంలో మడమలు తడిపే నీరు. వానల్లో ఒక్క గంట చాలు, రంగు మారి రాళ్ళు దొర్లించుకుంటూ వస్తుంది. వంతెన లేదు. లీటరు గుంటకి ఒక అక్క ఉంది. అప్ప అంటారు ఇక్కడ. అయిదు దాకా నా దగ్గరే చదివింది, గట్టి పిల్ల. హాస్టల్లో సీటు దొరక్క ఆరో తరగతికి రోజూ కిందికి నడిచేది. తొలి వానాకాలంలోనే ఒకరోజు బడి వదిలాక వచ్చేసరికి గెడ్డ పొంగి ఉంది. అవతల ఒడ్డున దగ్గర్లో ఇల్లూ వాకిలీ ఏమీ లేవు. తెల్లారేదాకా ఒక చెట్టు కింద తడుస్తూ కూర్చుంది. ఈ ఒడ్డున వాళ్ళ నాన్న కూర్చున్నాడు, ఏమీ చెయ్యలేక. నీరు తగ్గాక దాటి ఇల్లు చేరిన ఆ పిల్ల మళ్ళీ కిందికి వెళ్ళలేదు. చదువు అక్కడితో సరి.

కబురు విని వాళ్ళమ్మ బడికి వచ్చింది. వరండాలోనే నిలబడి, "పెద్దదాన్ని మానిపించీసినాం. ఇది సదువుతానంతంది. కిందికంటే మాత్తరం నాను పంపను మేడం, కోపగించుకోకండి," అంది. ఆమె మీద నాకు కోపమెందుకు? తొమ్మిదేళ్ళ పిల్లని ఆ నీళ్ళ మీదుగా ఏ తల్లి పంపుతుంది? పై తరగతులు కిందికి పోతే లీటరు గుంట మేకల వెంట పోతుంది. అది నాకు తెలుసు, వాళ్ళమ్మకి తెలుసు, లోపల సీసాలు కడుగుతూ చెవులు ఇటే పెట్టిన ఆ పిల్లకీ తెలుసు.

పెద్దబడి హెడ్మాస్టరు మంచివాడే. అధికారి వచ్చే ముందురోజు ఫోను చేశాడు. "మేడమ్‌గారూ, ఆ నేలకి పొయ్యడం ఒక్క రేపటికి ఆపించండి. చూసేవాళ్ళు వేరేలా అనుకుంటారు. నాలుగు గ్లాసులూ టకటకా నింపి చూపిస్తే మీకే మంచిది కదా," అన్నాడు.

"ఎందుకు ఆపమన్నారని ఎల్లుండి పిల్లలు అడుగుతారు మాస్టారూ. ఏం చెప్పమంటారు? మీ పెద్దలకి ఇచ్చేది బయటివాళ్ళు వస్తే దాచిపెట్టుకోవాలని చెప్పనా?"

"పై తరగతులు పోతాయి మేడమ్."

"పోతే పోతాయి. తలొంచుకుని మాత్రం పోవు," అని పెట్టేశాను. పౌరుషానికేం, మాట్లాడినంతసేపూ బాగానే ఉంటుంది. పోయేది నా ఉద్యోగం కాదు, ఆ గుంట చదువు. దాన్ని పణం పెట్టి నేను రోషం చూపించుకుంటున్నానా అని నిజంగా భయమేసింది. అయినా నేలకి పొయ్యొద్దని పిల్లలకి చెప్పలేదు.

అధికారి మాఘమాసంలో వచ్చాడు, ఎండ వెచ్చగా హాయిగా ఉన్న రోజు. "గెడ్డ దాటితే బూట్లు కూడా తడవలేదు మేడమ్," అంటూ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన అంత సంతోషంగా చెబుతుంటే దారి సంగతి అప్పుడే తేలిపోయిందనిపించింది.

ముందు వరసలో ఉన్న లీటరు గుంటనే లేపాడు. లీటరు నీళ్ళని పావు లీటరు గ్లాసుల్లోకి పంచమన్నాడు. ఆయనా అదే మాట అన్నాడు, పంచమని. గుంట మూత తీసుకుంది. నాలుగు మూతలు పట్టి ఒక్కొక్కటే నేల మీద వంపింది.

"అదేంటమ్మా, నీళ్ళు పారబోస్తున్నావు?" అన్నాడు. గుంట చేతిలో పని ఆపలేదు. మూడు గ్లాసులు గీత దాకా నిండాయి. నాలుగోది తక్కువైంది. ఆయన నా వైపు తిరిగి, "చూశారా? లీటరుకి నాలుగు పావులని ఇంకా రాలేదన్నమాట," అన్నాడు.

"ఒచ్చినాయి సార్," అంది గుంట. "తగ్గింది నేల తాగీసింది. నలభై మిల్లీలీటర్లు." బల్ల మీద ఆయన తెచ్చుకున్న నీళ్ళసీసా ఉంది. అడక్కుండానే దాన్ని తీసుకుని, మూతతో నాలుగుసార్లు పట్టి నాలుగో గ్లాసులో పోసింది. నీళ్ళు ఎర్రగీతని సరిగ్గా ముట్టుకున్నాయి. వెనక ఎవడో, "సారు కూడా నేలకి ఇచ్చీసినాడు," అని కిసుక్కుమన్నాడు.

ఆయన కూడా నవ్వాడు, చెడ్డ నవ్వేం కాదు. "తెలివైందే," అన్నాడు. "అందుకే చెబుతున్నాను మేడమ్, ఇలాంటి పిల్లలకి పెద్దబడే మంచిది. క్లాసుకో గది, క్లాసుకో టీచరు. దారి చూశానుగా, ఏముంది?" అని, గుంట వైపు తిరిగి సరదాగా, "అన్నీ కొలుస్తావు కదా, మీ గెడ్డలో ఎన్ని లీటర్లున్నాయో చెప్పు," అన్నాడు.

గుంట ఆ ప్రశ్నని సరదాగా తీసుకోలేదు. ఆలోచించింది. "ఇప్పుడైతే ఎలాగోలా కొలిసీగలం సార్," అంది. "వానల్లో కొలవలేం."

ఆయన తల ఊపి కాగితాలు సర్దుకోబోయాడు. ఆ మాట ఆయన చెవిలో పడింది గానీ లోపలికి వెళ్ళలేదు. నాకు ఉండబట్టలేదు. "ఇవాళ తేల్చకండి సార్. ఆషాఢంలో రండి. అప్పుడు కూడా మీ బూట్లు తడవకపోతే నేనే ఈ పిల్లల్ని చెయ్యి పట్టుకుని కిందికి దింపుతాను," అన్నాను. గొంతు పెద్దదైంది. పై అధికారితో అలా మాట్లాడకూడదని నాకూ తెలుసు. ఆయన కాగితాలు సర్దుకుంటూ, "సరే, వస్తాను," అని లేచాడు. వస్తాడని నేను అనుకోలేదు.

వచ్చాడు. అది ఆయన మంచితనమని ఇప్పటికీ ఒప్పుకుంటాను. బళ్ళు తెరిచి కొన్ని వారాలైంది, లీటరు గుంట అయిదులోకి వచ్చింది, ఏ తరగతి ఎక్కడుంటుందో ఇంకా తేలలేదు. ముసురు పట్టి, నేను కూడా దాటలేక ఊళ్ళోనే ఉండిపోయిన రోజులు. గెడ్డ అవతల ఎవరో గొడుగు పట్టుకుని నిలబడ్డారని పొలాల నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. పిల్లల్ని వెంటబెట్టుకుని దిగాను. ఆయనే. మడిచిన ప్యాంటు, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో బూట్లు. మధ్యలో గెడ్డ ఎర్రగా, ఒక దుంగని గిరగిరా తిప్పుకుంటూ పోతోంది.

ఏదో అరిచాడు. నీళ్ళ హోరుకి వినబడలేదు. బూట్లున్న చెయ్యి ఎత్తి సైగ చేశాడు. మీరే ఇటు రండి, పిల్లల్ని తీసుకుని రండి అని! నిజంగా అదే చేశాడు. ఆయన రాలేని చోటికి మమ్మల్ని రమ్మంటున్నాడు. నేను నడుం మీద చెయ్యి వేసుకుని కదలకుండా నిలబడ్డాను. ఆయన నీళ్ళ వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు, మళ్ళీ నీళ్ళ వైపు చూశాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు. ఇంకాసేపు ఉండి వెనక్కి తిరిగాడు.

గెలిచాం అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది. లీటరు గుంట నా కొంగు లాగింది. "సారు ఎలిపోతన్నారు మేడం."

"ఎలిపోనీవే. దాటలేడు గదా."

"సారుకి ఇల్లు ఆ ఒడ్డునే ఉన్నాది," అంది. "మా అప్పకి ఇటున్నాది."

నా నవ్వు ఆగిపోయింది. మేమంతా వానలో తడుస్తూ పైకి వచ్చేశాం.

పై తరగతులు పైనే ఉంచారు. ఆ మాట ఫోనులో చెప్పి హెడ్మాస్టరు నాకంటే ఎక్కువ సంతోషించాడు. నేను మాత్రం వానలు తగ్గగానే గెడ్డ దాటి, ఆ అధికారి ఆఫీసుకి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. "మీరడిగిందే ఇచ్చాం కదా మేడమ్, ఇంకేం కావాలి?" అన్నాడు. ఆరో తరగతి కావాలన్నాను. అది గెడ్డ దాటి మా కొండ ఎక్కదు కాబట్టి వంతెన కావాలన్నాను. అది తన చేతిలో లేదన్నాడు. ఎవరి చేతిలో ఉందో వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, చూద్దాం, ఒక్క ఏడాది ఆగండి అన్నారు.

లీటరు గుంట అయిదో తరగతిలో ఉంది. దానికి ఉన్నదే ఒక్క ఏడాది. నేను ఆగను.